అప్‌డేట్: ఆరోగ్య రొట్టె పట్టుకోవడం గురించి

నాన్న పోయాక అమ్మ మనసు కుదుటపడట్లేదు, నెల్లూరు బారాషహీద్ దర్గాలో మొహర్రానికి జరిగే రొట్టెల పండుగలో ఆరోగ్య రొట్టె (ఆరోగ్యం కోరుకుంటూ తీసుకునే రొట్టె) ఎలా పట్టుకోవాలని ఇంతకుముందు అడిగాను కదా. పనయింది.

స్వర్ణాల చెరువులో మోకాలి లోతు చాలు. మెట్లు జారతాయి, పెద్దవాళ్ల చెయ్యి వదలొద్దు. తలమీద కొంగు ఉండాలి. కోరిక తీరినవాళ్లు రొట్టె వదులుతారు, అంటే అదే కోరిక ఉన్నవాళ్ల చేతికిస్తారు. 'ఆరోగ్య రొట్టె' అని గట్టిగా అడిగితే వాళ్లే వెతుక్కుంటూ వస్తారు. ఆ గోలలో చదువు రొట్టె చేతిలో పడొచ్చు, తీసుకునేముందే ఏ రొట్టో అడగండి (ఉద్యోగ రొట్టెకైతే తోపులాటే). తీరితే మళ్లీ మొహర్రానికి రొట్టె చేసుకెళ్లి వదలాలి. పండుగ ఏటా 10-11 రోజులు ముందే వస్తుంది, పాత తేదీ చూసి సెలవు పెట్టకండి.

రొట్టె ఇచ్చినావిడ అమ్మ చెయ్యి కాసేపు వదల్లేదు. నిద్ర మాత్రం ఇంకా సరిగా పట్టట్లేదు. టెలీమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) 14416కి కూడా మాట్లాడిస్తున్నాం.