షియర్‌లో పాస్, పీల్‌లో ఫెయిల్: అల్యూమినియం–రాగి అల్ట్రాసోనిక్ వెల్డ్

ట్యాబ్‌లైన్: 0.3 మి.మీ. అల్యూమినియం ట్యాబ్‌ని (కనెక్షన్ రేకు) 1 మి.మీ. రాగి బస్‌బార్‌కి (కరెంట్ మోసే పట్టీ) వేస్తున్నాం. 20 కిలోహెర్ట్జ్ అల్ట్రాసోనిక్ మెషీన్, ఎనర్జీ మోడ్ (పెట్టిన జౌల్స్ అందగానే ఆగుతుంది). ల్యాప్ షియర్‌లో (రెండు రేకుల్నీ చెరో వైపు అడ్డంగా లాగే టెస్ట్) ప్రతిసారీ ట్యాబే తెగుతోంది, జాయింట్ నిలుస్తోంది. అదే ట్యాబ్‌ని ప్లయర్‌తో పైకి లాగితే (పీల్ టెస్ట్) కొన్ని స్టిక్కర్‌లా ఊడొస్తున్నాయి. ఏ టెస్టుని నమ్మాలండీ? ఎనర్జీ పెంచేయాలా?

నర్ల్: పీల్‌నే నమ్మండి. షియర్‌లో లోడ్ వెల్డ్ మొత్తం మీద పరుచుకుంటుంది, సగమే అతికినా పల్చటి రేకు ముందు తెగిపోతుంది. పీల్‌లో బలమంతా ఒక్క అంచు మీదే పడుతుంది కాబట్టి అతకని చోటు బయటపడక తప్పదు. ఊడిన చోట రాగి ముఖం చూడండి. నర్ల్ (మెషీన్ కొన మీది పళ్లు) అచ్చుల కింద అల్యూమినియం తునకలు మిగిలితే అక్కడ అతికినట్టు, నున్నగా ఉంటే వెల్డ్ పడనట్టు.

ఎనర్జీని ఇప్పుడే ముట్టుకోకండి. అన్నీ కాక కొన్నే ఊడుతున్నాయంటే నా అనుమానం ప్రెస్ ఆయిల్ (రేకు కోసేటప్పుడు అంటుకునే నూనె) మీద. ఇది లోహాన్ని కరిగించే వెల్డ్ కాదు. రాపిడికి ఆక్సైడ్ పొర చెదిరి లోహానికి లోహం తగలాలి. నూనె ఉంటే రేకులు జారతాయి, మెషీన్ తక్కువ పవర్ లాగుతుంది, అదే జౌల్స్‌కి ఎక్కువ టైమ్ పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి 10, తుడవకుండా 10 వేసి పీల్ చేయండి. వెల్డ్ టైమ్‌లు కూడా రాసుకోండి.

ట్యాబ్‌లైన్: తుడిచాక ఒక్కటీ ఊడలేదు. కానీ ట్యాబ్ హార్న్‌కి (రేకుని నొక్కి అదిరే మెషీన్ భాగం) అతుక్కుంటోంది, అచ్చు అంచున సన్నటి పగులు.

మైక్రోఓమ్: ఇప్పుడది ఓవర్‌వెల్డ్. పట్టు కుదిరాక పాత ఎనర్జీ ఎక్కువైపోతుంది. 10 శాతం చొప్పున తగ్గిస్తూ, పీల్‌లో మళ్లీ ఊడటం మొదలయ్యే చోటు పట్టుకుని, దానికి కాస్త పైన ఆగండి. ఎక్కువ వేడెక్కితే అల్యూమినియం–రాగి మధ్య పెళుసు పొర కూడా పెరుగుతుంది. నర్ల్ పళ్లలో అల్యూమినియం పేరుకుందేమో చూడండి. స్టీల్ హార్న్ అయితే కొనను కాస్టిక్ సోడా నీళ్లలో ఉంచితే అది కరిగిపోతుంది (గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి, హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో నిప్పు వద్దు).

జాయింట్ రెసిస్టెన్స్ కూడా చూస్తుంటే నాలుగు ప్రోబ్‌లతోనే (రెండు కరెంట్‌కి, రెండు వోల్టేజ్‌కి), వెల్డ్ చల్లారాకే కొలవండి. 10 డిగ్రీల తేడాకి రీడింగ్ దాదాపు 4 శాతం మారుతుంది.

నర్ల్: ఒకే బస్‌బార్ మీద రెండో ట్యాబ్ వేసేటప్పుడు మొదటిదాన్ని క్లాంప్‌తో బిగించండి. లేకపోతే ఆ అదురుకి బాగున్న వెల్డే వదులవుతుంది. పీల్ శాంపిల్ రెండో వెల్డ్ అయ్యాకే తీయాలి.