సమస్యాపూరణం: ఇల్లు గొనుటకు నాషాఢ మెంతొ మేలు

నిర్వాహకులు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం; ఈ పాదంతో ముగిసేలా మిగిలిన మూడు పాదాలు అల్లాలి. శూన్యమాసమని పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ మానుకొనే నెలను ఇల్లు కొనడానికి మెచ్చుకోవడమే ఇందులోని చిక్కు. పాదం మొదటి ఇకారానికి ‘ఆషాఢము + ఎంతొ’ సంధిలోని ఎకారంతో స్వరయతి (అచ్చుల మైత్రి) చెల్లింది. ఛందస్సుతో పాటు, ఇల్లు కొన్నవారు ఒప్పుకొనే సంగతి పద్యంలో ఉన్నదా అని కూడా చూస్తాం.

హైదరాబాదు సభ్యులు:

వానఁ దడిసిన గోడలు వలుకు నిజము;
వీధి యేఱయి పాఱిన వేళఁ దెలియుఁ
బల్ల మేదియొ మెరకేదొ, వలదు శంక!
ఇల్లు గొనుటకు నాషాఢ మెంతొ మేలు.

నిర్వాహకులు:
‘గోడలు వలుకు’ అని గసడదవాదేశం (‘పలుకు’లోని పకారం వకారం కావడం) పాటించడం ముచ్చటగా ఉంది. మాఘంలో కొత్త రంగు వేసి చూపించిన ఫ్లాటులో కనబడని చెమ్మ, నాలుగు వానలు పడ్డాక కిటికీ మూలన ఉబ్బిన లప్పంగానో, సెల్లారులో మోటారు పెట్టి తోడుతున్న నీరుగానో బయటపడుతుంది.

విజయవాడ సభ్యులు:
పద్యం బాగుంది కాని ‘వలదు శంక’ అన్న మాటతో ఏకీభవించలేను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచినది శ్రావణం చివరిలో. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలను ముంచిన వాన కురిసినది అధిక ఆశ్వయుజంలో. ఆషాఢంలో వీధి పొడిగా ఉన్నదని అది మెరక అనుకోరాదు. చెరువు పూర్తి నీటిమట్టం హద్దు ఎక్కడిదాకా ఉన్నదో మ్యాపులో చూసుకొని, ఎదురింటి ప్రహరీ మీద పాత నీటి చార ఏ ఎత్తున ఉన్నదో కూడా గమనించాలి.

గుంటూరు సభ్యులు:

కొనెడివారలు రాకున్నఁ గుదురు బేర
మమ్ముకొనువాఁడె దిగివచ్చు నడుగకుండ;
శ్రావణమ్మునఁ జేరుట సాధ్యమగును;
ఇల్లు గొనుటకు నాషాఢ మెంతొ మేలు.

నిర్వాహకులు:
ధార చక్కగా నడిచింది. అయితే ‘అడుగకుండ’ అన్నది అతిశయోక్తి. అడగనిదే దిగివచ్చే బిల్డరు ఇంకా పుట్టలేదు. దసరా, దీపావళి, ఉగాది ప్రకటనల్లో మాడ్యులర్ కిచెనో బంగారు నాణెమో ఇస్తామంటారు గాని చదరపు అడుగు ధరను అంత తేలికగా కదిలించరు. ముహూర్తాలు లేని నెలలో ఆ ధర మీదనే మాట్లాడే వీలుంటుంది. జీఎస్టీకి మాత్రం మాసభేదం లేదు. 2019 ఏప్రిల్ నుంచి అమలైన రేట్ల ప్రకారం, నిర్మాణంలో ఉన్న ఇంటికి 5 శాతం, అందుబాటు ధర గృహాల కోవలోనిదైతే 1 శాతం చెల్లించాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఇంట్లో చేరవచ్చని ఇచ్చే అధికారిక పత్రం) వచ్చాక అమ్మిన ఇంటికి ఆ పన్ను ఉండదు. ఇక మూడవ పాదంలో చెప్పినట్లు ఆషాఢంలో బయానా ఇచ్చి శ్రావణంలో రిజిస్ట్రేషన్ పెట్టుకొనేవారు, కుదిరిన ధరనూ గడువునూ అగ్రిమెంటులో రాయించుకొని, ఈసీని (ఆస్తి మీది లావాదేవీలూ తాకట్లూ చూపే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్‌ను) రిజిస్ట్రేషన్ ముందు మళ్ళీ తీయించుకోవాలి.

నెల్లూరు సభ్యులు:

మాకు నెల్లూర నాషాఢ మండుటెండ;
కార్తికమ్మున వచ్చును గడలివాన;
పలికె నెవ్వఁడు? మముఁ జూచి పలుకఁ గలఁడె
‘ఇల్లు గొనుటకు నాషాఢ మెంతొ మేలు’?

నిర్వాహకులు:
సమస్యను ప్రశ్నగా మార్చి ఖండించిన ఈ పూరణకే నా ఓటు. నైరుతి చినుకులు నెల్లూరుకు అంతంతమాత్రం, అక్కడి పెద్దవానలన్నీ ఈశాన్య రుతుపవనాలవే. కనుక మొదటి పూరణలోని వాన పరీక్షను వారు కార్తీకానికి వాయిదా వేసుకోక తప్పదు. ‘ఆషాఢ మండుటెండ’ మాత్రం సంస్కృత పదాన్ని తెలుగు పదంతో కలిపిన దుష్టసమాసం. ‘మాకు నెల్లూర నీనెల మండు నెండ’ అని సవరిస్తే గణాలూ యతీ చెడవు.

నెల్లూరు సభ్యులు:
సవరణకు ధన్యవాదాలండీ, అలాగే మార్చుకొంటాను.

డాలస్ సభ్యులు:

పిల్లలకు బడిసెలవుల వేళ యిదియె;
ధరలు హెచ్చినఁ గానిండు, తరలవచ్చు
బడులు దెఱువక మునుపె. యీ బాట మాది!
ఇల్లు గొనుటకు నాషాఢ మెంతొ మేలు.

నిర్వాహకులు:
గుంటూరు వారి వాదం అమెరికాలో తలకిందులవుతుందన్న మాట. అక్కడ వేసవిలోనే కొనేవారి పోటీ ఎక్కువ, బేరం కావలసినవారు చలికాలం దాకా ఆగుతారు. ‘ధరలు హెచ్చినఁ గానిండు’ అని ఆ సంగతి దాచకుండా ఒప్పుకోవడం నచ్చింది. ‘యీ బాట మాది’ మాత్రం యతి కోసం వచ్చి కూర్చున్నట్లుంది.