షిఫ్ట్ ఇంఛార్జ్ అయ్యాక "నా వల్ల కాదేమో" అనిపిస్తే లోపం మన మనసుదా, పనిచేసే చోటుదా?

నాగావళి_గట్టు (రాయగడ, ఒడిశా):
అందరికీ నమస్కారం. రూమ్‌లో వారం నుంచి ఇదే గొడవ, ఇక్కడైనా తేలుతుందేమోనని పెడుతున్నా. నేను ఐటీఐ చదివి కాగితం మిల్లులో ఆపరేటర్‌గా చేరాను, ఈమధ్యే షిఫ్ట్ ఇంఛార్జ్‌ని చేశారు. మెషీన్ దగ్గర ఉన్నంతసేపూ ఏ టెన్షనూ లేదు, పొద్దున మీటింగ్‌లో కూర్చుంటేనే నోరు పెగలదు. మొన్న నైట్ షిఫ్ట్‌లో కాగితం పదే పదే తెగింది. ప్రెస్ సెక్షన్‌లో ఫెల్ట్ (తడి కాగితంలోంచి నీళ్ళు పీల్చే మందపాటి గుడ్డ) పాతబడి నీళ్ళు సరిగా లాగట్లేదు, షీటు తడిగానే ముందుకెళ్ళి తెగుతోంది. ఇది పట్టుకున్నది నేను, లాగ్‌బుక్‌లో రాసిందీ నేనే. పెద్ద సారు హిందీలో "మెషీన్ ఎందుకు ఆగింది" అనేసరికి నీళ్ళు నమిలాను. నిన్నగాక మొన్న వచ్చిన డిప్లొమా కుర్రాడు నా లాగ్‌బుక్ చూసి గడగడా చెప్పేశాడు, మెచ్చుకోలు వాడికి.

ట్రైనింగ్ ఇవ్వడానికి వచ్చినాయన "మిమ్మల్ని ఆపుతున్న నమ్మకాన్ని కాగితం మీద రాసి చింపెయ్యండి" అన్నాడు. చింపాను, మా మిల్లులో కాగితానికేం కొదవ. మర్నాడు మళ్ళీ మామూలే. అంతా నీ తలలోనే ఉందని ఒక ఫ్రెండ్ అంటాడు, ఐటీఐ వాడు, తెలుగోడు అని చూసే వాళ్ళ చూపులో ఉందని ఇంకొకడు. మీరేమంటారు?

బరంపురం_బాబు:
తమ్ముడూ, మొదటి ఫ్రెండ్ చెప్పిందే రైటు. మా బరంపురంలో 1894లో పుట్టిన తెలుగాయన వి.వి.గిరి. డబ్లిన్ వెళ్ళి లా చదివారు, తిరిగొచ్చి రైల్వే కార్మికుల్ని కూడగట్టారు, 1969లో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి మీద స్వతంత్రుడిగా నిలబడి రాష్ట్రపతి అయ్యారు. ఆయన "నేనెక్కడ, ఢిల్లీ ఎక్కడ" అనుకుని ఉంటే? నీకు పని వచ్చు, నోరు తెరవడమే తక్కువ. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నువ్వు చెప్పకపోతే క్రెడిట్ ఎవడిస్తాడు? చూపులూ గీపులూ అంటూ కూర్చుంటే రిటైరయ్యేదాకా కూర్చోవచ్చు.

గుణుపురం_అక్క:
బాబుగారూ, గిరిగారిని మీరే తెచ్చారు కాబట్టి మిగతా సగం నేను చెప్తాను. వాళ్ళ నాన్నగారు జోగయ్య పంతులుగారు పేరున్న ప్లీడరు. 1969లో ఎంపీలూ ఎమ్మెల్యేలూ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటెయ్యమని పిలుపిచ్చింది సాక్షాత్తూ ప్రధాని ఇందిరాగాంధీ. అప్పుడు కూడా రెండో ప్రాధాన్యత ఓట్లు లెక్కపెడితే గానీ ఫలితం తేలలేదు. ఆయన గొప్పతనం ఎక్కడికీ పోదు, కానీ పైనుంచి ఒకరు నిలబడటం అంటే అదీ. ఈ తమ్ముడి వెనక ఎవరు నిలబడ్డారు?

నేను వార్డు ఇంఛార్జ్ నర్సుని, పేరు చెప్పను గానీ పెద్ద ఆసుపత్రే. రౌండ్స్‌లో డాక్టరు గారు నన్ను దాటి నా వెనకున్న జూనియర్‌ని అడుగుతారు, ఆ పేషెంటు చార్టు నా చేతిలోనే ఉంటుంది. ఇలా రోజూ జరిగితే ఎంత ధైర్యస్థురాలికైనా "నేను దీనికి తగనేమో" అని రాదా? పాలిన్ క్లాన్స్, సుజాన్ ఐమ్స్ అని అమెరికాలో ఇద్దరు సైకాలజిస్టులు 1978లో దీని మీదే రాశారు. బాగా చదువుకుని పైకొచ్చిన 150 మందికి పైగా ఆడవాళ్ళని గమనిస్తే, ఇంత సాధించీ "ఇదంతా అదృష్టం, ఏదోరోజు నా బండారం బయటపడుతుంది" అనుకునేవాళ్ళే ఎక్కువ కనిపించారట. అందరూ దాన్ని ఆడవాళ్ళ మనసుకున్న జబ్బులా పట్టుకున్నారు. 2021లో రుచికా తుల్షియాన్, జోడీ ఆన్ బ్యూరీ దాన్నే తిప్పి అడిగారు, వాళ్ళకలా అనిపించేలా చేసిన ఆఫీసుల్ని వదిలేసి వాళ్ళకే మందెందుకు వేస్తున్నారని. నా ఓటు వాళ్ళకే.

పైగా మన సంగతి చూడండి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, మీటింగ్‌లో హిందీ, ఫైల్లో ఇంగ్లీషు. 1936లో ఒడిశా ఏర్పడి గీత గీసినప్పటి నుంచీ మన ఇళ్ళలో ఇదే వరస. నాలుగింటిలో ఏదో ఒకటి తడబడనివాణ్ణి చూపించండి.

పర్లాకిమిడి_కుర్రోడు:
అక్కా, భాష దగ్గర మాత్రం ఒప్పుకోను. గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళో మాస్టారు. సవరల మాట అర్థం కాకపోతే "నాకెందుకులే" అనకుండా నేర్చుకుని వ్యాకరణం, నిఘంటువు దాకా వెళ్ళారు. నాలుగు ముక్కల హిందీ రాదా ఏంటి మనకి?

గుణుపురం_అక్క:
నాయనా, ఆయనకి పెద్ద సారు ఎదురుగా కూర్చుని టైం చూసుకోలేదు కదా.

జయపురం_పాత_ఫోర్‌మన్:
ఇద్దరూ సగం సగం రైటు. నేను రిటైరయిపోయాను, నాకు ఎవరి భయమూ లేదు కాబట్టి కొంచెం పొడుగ్గా చెప్తా, ఓపికుంటే చదవండి.

ముందు, ప్రతి సందేహాన్నీ తీసి పారెయ్యకూడదు. బాయిలర్ దగ్గర "సరిగ్గా మూశానో లేదో" అనుకున్నవాడే వాల్వ్ ఇంకోసారి చూస్తాడు. వర్క్ పర్మిట్ (ప్రమాదమున్న పని మొదలుపెట్టడానికి ఇచ్చే అనుమతి కాగితం) మీద కళ్ళు మూసుకుని సంతకం పెట్టే ధైర్యవంతుడి కింద నేను పనిచెయ్యను. అలాగే, డ్రాయింగ్ చదవడం రాకపోతే అది రాకపోవడం, నేర్చుకుంటే పోతుంది. నాగావళి బాబుకి ఈ రెండూ కావు. సమాధానం తెలుసు, రాసిపెట్టాడు కూడా, చెప్పే హక్కు తనకి లేదనుకున్నాడు. మాట్లాడాల్సింది దాని గురించే.

కాగితం చింపితే ఎందుకు పోలేదంటే, అది మాటలతో వచ్చింది కాదు కాబట్టి. ఆల్బర్ట్ బాండూరా అనే సైకాలజిస్టు 1977లో, మనిషికి "ఈ పని నేను చెయ్యగలను" అనే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాడు. స్వయంగా చేసి గెలవడం అన్నిటికంటే బలమైంది. మనలాంటివాడు చేస్తుంటే చూడటం, నమ్మకమున్న మనిషి ప్రోత్సహించడం, ఆ టైంలో ఒంట్లో దడ ఎలా ఉందన్నది, ఇవి ఆ తర్వాత. ట్రైనింగ్ వాళ్ళు ప్రోత్సాహం ఒక్కటే అమ్ముతారు, ఎందుకంటే అది రెండు గంటల్లో అయిపోతుంది. బరంపురం బాబుగారి సలహా కూడా ఆ ఖాతాలోదే, ఏమీ అనుకోవద్దు.

అసలు బాధ వేరే ఉంది. ఇంఛార్జ్‌కి తన మీద నమ్మకం లేకపోతే అది అతనితో ఆగదు. మా షాపులో ఒకాయన ఉండేవాడు, చెయ్యి బంగారం. తను తక్కువ చదివాడన్న బెంగ. అందుకని కంట్రోల్ ప్యానెల్ తలుపు తాళం చెవి జేబులోనే పెట్టుకునేవాడు, ఎవర్నీ తాకనిచ్చేవాడు కాదు, అది కూడా వేరేవాళ్ళు నేర్చుకుంటే తనని ఎందుకుంచుతారని. కూతురి పెళ్ళిలో అప్పగింతల టైంకి బ్రేక్‌డౌన్ ఫోన్! పక్కకెళ్ళి ఏ ఫ్యూజు చూడాలో చెప్తున్నాడు, అవతల ఆడవాళ్ళు పిలుస్తున్నారు. పాపం అనుకున్నాం గానీ, ఆయన కింద పనిచేసిన కుర్రాళ్ళు ఎన్నేళ్ళయినా హెల్పర్లుగానే ఉండిపోయారు. వాళ్ళకీ "మా వల్ల కాదు" అని పట్టుకుంది. పైవాడు ఏమనుకుంటే కిందివాడు అలా తయారవుతాడని రోసెంతాల్, జాకబ్సన్ 1968లో బడిపిల్లల మీద చేసిన ప్రయోగం చెబుతారు. దాని మీద విమర్శలు బాగానే ఉన్నాయి, కానీ నేను షాపులో కళ్ళారా చూశాను.

కాబట్టి బాబూ, రేపటి నుంచి మీటింగ్‌కి ముందే లాగ్‌బుక్‌లోంచి మూడు లైన్లు చీటీ మీద రాసుకో. ఏది ఆగింది, ఎంతసేపు, ఏం కావాలి. నిన్ను అడిగేదాకా ఆగకుండా మొదటి మాట నువ్వే అను, హిందీ తప్పులు పోతే పోనీ. డిప్లొమా కుర్రాణ్ణి శత్రువు చేసుకోకు, వాడి చేత ఒకరోజు షిఫ్ట్ హ్యాండోవర్ రాయించు, నీ పేరుతో పాటు వాడి పేరూ పెట్టు.

గుణుపురం_అక్క:
గురువుగారూ, చీటీ బావుంది. చీటీ చదివాక కూడా పెద్ద సారు కుర్రాడి వైపు తిరిగి "నువ్వు చెప్పు" అంటే? నాకు అదే జరుగుతోంది. మళ్ళీ నేనే మారాలా?

జయపురం_పాత_ఫోర్‌మన్:
లేదమ్మా. అక్కడ నా చీటీ పనిచెయ్యదు. డాక్టరు గారితో విడిగా, రౌండ్స్ అయ్యాక, "చార్టు నా దగ్గరుంటుంది, నన్నే అడగండి" అని ఒకసారి చెప్పాలి. వినకపోతే మేట్రన్‌కి రాతపూర్వకంగా. అది మీ మనసు సమస్య కాదు, అధికారం సమస్య.

బరంపురం_బాబు:
చూశారా, చివరికి నోరు తెరవమనే కదా అందరూ చెప్తున్నది!

గుణుపురం_అక్క:
తెరిచినా వినేవాడు ఉండాలని నేను చెప్తున్నాను. మీకు ఒక రోజు నా డ్యూటీ ఇస్తా, చేసి చూడండి.

నాగావళి_గట్టు:
మీ ఇద్దరూ కొట్టుకోకండి. ఫెల్ట్ మార్చడానికి ఈ వారం షట్‌డౌన్ అడగాలి, అది ఇంఛార్జే అడగాలట. ఎనిమిది గంటలైనా పడుతుందని రాస్తే "ఆరులో ముగించు" అంటారు. గురువుగారూ, ఎనిమిదికే పట్టుబట్టాలా, ముందే పది అడగాలా?

జయపురం_పాత_ఫోర్‌మన్:
ఎనిమిదే అడుగు, ఏ పనికి ఎంతో విడివిడిగా రాసి. పది అడిగి దొరికిపోతే వచ్చేసారి ఎవడూ నమ్మడు.