కిండర్‌గార్టెన్‌లో చేరబోయే పాపకు ముందుగా ఏమేమి వచ్చి ఉండాలి?

ప్రశ్న

నమస్కారం. మా పాపకు వచ్చే నెలలో ఐదేళ్లు నిండుతాయి, మరో రెండు నెలల్లో కిండర్‌గార్టెన్‌లో చేరుతుంది. ఇన్నాళ్లూ అమ్మమ్మ దగ్గరే పెరిగింది. మాటల పుట్ట, కానీ పెన్సిల్ పట్టుకోమంటే రెండు గీతలు గీసి లేచిపోతుంది. మా ఆడపడుచు కొడుకు దానికన్నా మూడు నెలలు చిన్నవాడు, అయినా అక్షరాలన్నీ రాస్తాడు, 100 దాకా అంకెలు గడగడా అప్పజెబుతాడు. మా మామగారు ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అంటూ రోజూ గంటసేపు కూర్చోబెట్టి రాయించమంటున్నారు. ఆయన మాట కాదనలేక కూర్చోబెట్టాను. నాలుగో రోజుకల్లా పుస్తకం కనబడితే చాలు మంచం కింద దూరుతోంది. బడిలో చేరేలోపు పిల్లలకు నిజంగా ఏమేమి వచ్చి ఉండాలి? దించి వచ్చేటప్పుడు ఏడిస్తే ఏమి చేయాలి? అనుభవమున్న వారు దయచేసి చెప్పగలరు.

ఒక కిండర్‌గార్టెన్ ఉపాధ్యాయురాలి సమాధానం

అమ్మా, ముందుగా ఆ రాత పుస్తకాన్ని కొన్నాళ్లు అటక మీద పెట్టండి. మణికట్టులో ఉండే ఎనిమిది చిన్న ఎముకలలో కొన్ని ఐదేళ్ల వయసుకు ఇంకా పూర్తిగా గట్టిపడవు. వేళ్లలో పట్టు కూడా అప్పుడప్పుడే వస్తూ ఉంటుంది. మట్టి పిసకడం, కాగితం చించి అంటించడం, పిల్లల కత్తెరతో గీత వెంబడి కత్తిరించడం, బట్టల క్లిప్పులు నొక్కి తీయడం వంటివన్నీ రాతకు ముందు జరగవలసిన పనులే. ఇవి చాలినంతగా చేయని పిల్ల పెన్సిల్‌ను పిడికిలితో పట్టుకుంటుంది, అర పేజీకే చెయ్యి నొప్పి పుట్టి లేచిపోతుంది. దాన్ని మనం బద్ధకం అనుకుంటాం.

అంకెలు అప్పజెప్పడం, లెక్కపెట్టడం రెండూ ఒకటి కావు. పాప ముందు ఏడు గుండీలు పోసి ఎన్ని ఉన్నాయో చెప్పమనండి. ఒక్కో గుండీని వేలితో తాకుతూ ఒక్కో అంకె చెబుతుందా, లేక నోరు ముందు పరుగెత్తి వేలు వెనకబడుతుందా అన్నది గమనించండి. లెక్క అయ్యాక ‘మొత్తం ఎన్ని?’ అని అడిగితే వెంటనే ‘ఏడు’ అనకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే, చివర చెప్పిన అంకే మొత్తమన్న సంగతి తనకింకా అందలేదన్నమాట. తరువాత ఆ గుండీలనే దూరదూరంగా జరిపి మళ్లీ అడగండి. ఈ వయసు పిల్లలలో చాలామంది ఇప్పుడు ఎక్కువయ్యాయంటారు. జీన్ పియాజే అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త ఇలాంటి పరీక్షలు ఎన్నో చేశారు. సాధారణంగా ఆరేడేళ్లకు గాని ఆ తికమక తీరదు. కాబట్టి మీ మేనల్లుడి 100ని చూసి కంగారు పడకండి.

చదువుకు నిజంగా పునాది వేసేది చెవి. ‘చందమామ’ను చప్పట్లతో ముక్కలు చేయమంటే నాలుగు చప్పట్లు కొట్టగలగడం, కల, వల, అల అన్నవి ఒకేలా ముగుస్తాయని పసిగట్టడం, ‘చీమ’లో ‘చీ’ తీసేస్తే ఏమి మిగులుతుందో చెప్పి నవ్వడం వంటివి స్నానం చేయిస్తూ కూడా ఆడించవచ్చు. మాటలోని ధ్వనులను విడదీసి వినగలిగిన పిల్లలకు అక్షరం తొందరగా అంటుతుంది. మీ పాప మాటల పుట్ట అన్నారు, అది చిన్న పెట్టుబడి కాదు.

ఇక నేను మొదటి వారంలో చూసేవి వేరే ఉంటాయి. పిల్ల తన చెప్పులు తాను వేసుకోగలదా, మరుగుదొడ్డికి వెళ్లి శుభ్రం చేసుకోగలదా, తనకు ఏదైనా కావలసి వస్తే కొత్త మనిషిని అడగగలదా అని చూస్తాను. ఒక సంవత్సరం మా తరగతిలో ఒక బాబు విరామమంతా డబ్బా ముందు పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. ఆకలి లేదేమో అనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే మూత బిగుసుకుపోయి ఉంది, వాడి వేళ్లు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ‘మూత రావడం లేదు, తీసి పెట్టండి’ అని అడగవచ్చని వాడికి తెలియదు. అక్షరాలు మాత్రం అన్నీ వచ్చు.

పిల్లల వైద్యుడిగా నా మాట

టీచర్ గారు చెప్పినవాటికి ఆరోగ్య విషయాలు కొన్ని జోడిస్తాను. మూడు నుంచి ఐదేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం, ఆరేళ్లు దాటాక 9 నుంచి 12 గంటలు చాలు. బడి మొదలయ్యే ముందు రోజు రాత్రి హఠాత్తుగా తొందరగా పడుకోబెడితే నిద్ర పట్టదు గనుక, రెండు వారాల ముందు నుంచే రోజుకు కొంచెం కొంచెంగా వేళను ముందుకు జరపండి.

చేరేలోపు కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. ఒక కంటికి చూపు మందంగా ఉన్నా రెండో కన్ను పని నడిపించేస్తుంది కాబట్టి పిల్ల ఫిర్యాదు చేయదు. అలా వదిలేసిన కన్ను బద్ధకిస్తుంది, దానికి చికిత్స ఏడేళ్లలోపు మొదలుపెడితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. తరచూ జలుబు చేసే పిల్లలలో కర్ణభేరి వెనక ద్రవం నిలిచి వినికిడి తగ్గుతుంది. అలాంటి పిల్ల ‘మాట వినదు’ అన్న పేరు తెచ్చుకున్న సందర్భాలు నా దగ్గరకు చాలానే వచ్చాయి.

మొదటి ఏడాది జలుబులు వరుసగా వస్తాయి. ఈ వయసులో సంవత్సరానికి ఆరు నుంచి ఎనిమిది సార్లు రావడం మామూలే. కొత్త మరుగుదొడ్డి అంటే భయపడి రోజంతా ఆపుకునే పిల్లలకు మలబద్ధకం పట్టుకుంటుంది, కడుపునొప్పి అంటూ బడి మానేది చాలావరకు వీళ్లే. అందుకే వీలైతే ముందే ఒకసారి తీసుకువెళ్లి ఆ మరుగుదొడ్డి చూపించి రండి.

ఒక తండ్రి అనుభవం

ఏడుపు గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను. మావాడు సరిగ్గా పదకొండు రోజులు ఏడ్చాడు, అందులో సగం నా నిర్వాకమే. మొదటి రోజు వాడు బొమ్మల్లో పడగానే చెప్పకుండా జారుకున్నాను. ఆ దెబ్బకు మర్నాటి నుంచి నా చొక్కా అంచు వదలలేదు, ఇంట్లో నేను పక్క గదిలోకి వెళ్లినా వెంటపడ్డాడు. మరో రోజు కిటికీలోంచి తొంగిచూసి దొరికిపోయాను, అప్పుడే ఊరుకున్న పిల్లవాడు మళ్లీ అందుకున్నాడు. చివరికి పనిచేసింది ఒక్కటే. రోజూ అవే నాలుగు మాటలు చెప్పి, ఒక ముద్దు పెట్టి, వెనక్కి తిరగకుండా వచ్చేయడం. ‘రెండున్నరకు వస్తాను’ అంటే వాడికి అర్థం కాలేదు. ‘కథ అయిపోయి, బ్యాగు సర్దుకోగానే వస్తాను’ అంటే అర్థమైంది. అన్న వేళకు ఐదు నిమిషాలు ముందే అక్కడ ఉండేవాణ్ణి.

ఇంటికి వచ్చాక పేచీ పెడితే బడి పడటం లేదని అనుకోకండి. పొద్దుటి నుంచి ఓర్చుకున్నదంతా మన ముందు వెళ్లగక్కుతారు. ‘ఈ రోజు ఏం చేశావు?’ అంటే ‘ఏమీ లేదు’ అన్న జవాబే వస్తుంది, ‘నీ పక్కన ఎవరు కూర్చున్నారు?’ అని అడిగి చూడండి.

మావాడి పుస్తకాలు నెల దాటినా ఖాళీగా ఉన్నాయని నేనూ బడికి వెళ్లి గొడవపడ్డాను. అప్పుడు వాళ్ల టీచర్ నన్ను తరగతిలో ఒక మూల కూర్చోబెట్టారు. నలుగురు పిల్లలు చెక్క దిమ్మెలతో వంతెన కడుతున్నారు, అది మూడుసార్లు కూలింది, ఏ దిమ్మె కింద పెట్టాలన్న దాని మీద మావాడు అరగంట వాదించాడు. ఈ చదువును 1837లో జర్మనీలో మొదలుపెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ కూడా పిల్లల చేతికి చెక్క బంతులు, దిమ్మెలే ఇచ్చారని ఆవిడే చెప్పారు. 1840లో ఆయన పెట్టిన కిండర్‌గార్టెన్ అన్న పేరుకు ‘పిల్లల తోట’ అని అర్థం. మీ మామగారి సామెతకు అడ్డు చెబుతున్నానని కాదు గాని, తోటలో మొక్కను వంచే పని కన్నా నీళ్లు పోసే పనే ఎక్కువ ఉంటుంది.

ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ ధన్యవాదాలండి. ఇంకొక్క సందేహం. పాప 3ను, 7ను అద్దంలో చూసినట్టు తిప్పి రాస్తుంది. పైగా తరగతిలో అందరికన్నా చిన్నది అవుతుందేమో. ఒక సంవత్సరం ఆగితే మంచిదా?

ఉపాధ్యాయురాలి సమాధానం

తిప్పి రాయడం ఏడేళ్ల దాకా మామూలే, దాని కోసం ఎవరికీ చూపించనక్కరలేదు. ఒకే తరగతిలో పిల్లల మధ్య దాదాపు 12 నెలల తేడా ఉండవచ్చు. ఐదేళ్ల పిల్లకు ఏడాది అంటే జీవితంలో అయిదో వంతు. తరగతిలో చిన్నవాళ్లకు ఏకాగ్రత లోపం ఉందన్న ముద్ర ఎక్కువగా పడుతోందని పలు దేశాల అధ్యయనాలలో తేలింది. పాప పుట్టిన నెలను టీచరుకు మొదటి రోజే గుర్తుచేయండి. అంతమాత్రాన ఆపేయమని నేను అనను, మాటలు అంత బాగా వచ్చిన పిల్ల నిలదొక్కుకుంటుంది. బయటివారికి తన మాట అర్థం కాకపోయినా, ‘చెప్పులు పెట్టి, చేతులు కడుక్కుని రా’ వంటి రెండు పనులు కలిపి చెబితే ఎప్పుడూ అందుకోలేకపోయినా, వచ్చిన విద్య పోతున్నట్టు కనిపించినా మాత్రం ఆలస్యం చేయకుండా వైద్యుణ్ణి సంప్రదించండి.

ప్రశ్న అడిగిన తల్లి

గుండీల పరీక్ష నిన్న సాయంత్రం చేశాను. పాప ఏడూ తాకి లెక్కపెట్టి ‘ఏడు’ అంది. దూరంగా జరిపితే ‘ఇప్పుడు చాలా ఉన్నాయి’ అంది. 100 దాకా చెప్పే మా మేనల్లుడూ అదే మాట అన్నాడు. మా మామగారు నమ్మక గుండీలను తన చేత్తో దగ్గరకు చేర్చి, మళ్లీ జరిపి, మూడుసార్లు అడిగారు. మూడోసారి ఇద్దరూ గుండీలు లాక్కుని పరుగెత్తారు, వాటి కోసం ఆయన మంచం కింద వెతుకుతున్నారు.