ప్రైమరీలో ఓడినవాళ్ల ఓటర్లు పార్టీతోనే ఉంటారా? ఎలా లెక్కేయాలి?

అందరికీ నమస్కారం. ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ చదువుతున్నాను. సెమినార్‌కి 2008 అమెరికా డెమోక్రటిక్ ప్రైమరీ (పార్టీ తన అధ్యక్ష అభ్యర్థిని తేల్చుకునే ఓటింగ్) తీసుకుని ఒకచోట ఇరుక్కుపోయాను.

ఆ ఏడాది ఒబామా, హిల్లరీ క్లింటన్‌ల పోరు జూన్ దాకా సాగింది. జూన్ 7న హిల్లరీ తప్పుకుని ఆయనకు మద్దతు ప్రకటించారు. జూన్ 27న ఇద్దరూ న్యూ హాంప్‌షైర్‌లో యూనిటీ అనే చిన్న ఊళ్లో ఒకే వేదిక ఎక్కారు. (ఊరి పేరే ఐక్యత! పైగా అక్కడి ప్రైమరీలో ఇద్దరికీ సరిగ్గా 107 ఓట్లే.) నాయకులు చేతులు కలిపారు సరే, ఓటర్ల సంగతేంటి?

హిల్లరీ ఓటర్లలో కొందరు నవంబర్‌లో జరిగిన అసలు ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్‌కి వేశారు. 2016లో డెమోక్రటిక్ ప్రైమరీలో హిల్లరీ చేతిలో ఓడిన శాండర్స్ ఓటర్లలో సుమారు 12 శాతం ట్రంప్‌కి వేశారని ఒక పెద్ద సర్వే అంచనా. కానీ ఓపెన్ ప్రైమరీ ఉన్న రాష్ట్రాల్లో రిపబ్లికన్లు కూడా వచ్చి ఓటేయొచ్చు కదా. 2008లో రేడియో హోస్ట్ రష్ లింబా అయితే, అవతలి పార్టీలో గొడవ ఇంకా సాగాలని, హిల్లరీకి ఓటేయమని తన శ్రోతలకు బాహాటంగానే చెప్పాడు. అలాంటివాళ్లని కూడా "అలిగి వెళ్లిపోయిన డెమోక్రాట్లు" అని లెక్కేస్తే తప్పు కాదా?

ఈ రెండు రకాలవాళ్లని విడదీయడం ఎలా? ఒకే మనుషుల్ని ప్రైమరీ సమయంలోనూ, నవంబర్ తర్వాతా అడిగిన సర్వే డేటా ఉచితంగా ఎక్కడైనా దొరుకుతుందా? నాకు ఎక్సెల్ బాగానే వచ్చు, అంతకుమించి అంటే టెన్షనే. వచ్చే సోమవారం లోపు మా సార్‌కి చూపించాలి, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.