80 స్పీడులో మైలేజీ 14, 100లో 10.5: డబ్బా బండికి ఇది గాలి దెబ్బేనా?

బండి డబ్బా ఆకారపు ఫోర్ బై ఫోర్, 2.2 లీటర్ల డీజిల్ ఆటోమేటిక్, 48 వేల కిలోమీటర్లు తిరిగింది. శ్రీకాకుళం బైపాస్ నుంచి ఆనందపురం వరకు, ఎదురుగాలి తేడా పోవాలని రానుపోను కలిపే లెక్క. ఒకే బంకు, ఒకే పంపు, మొదటి ఆటో కట్ దాకా ఫుల్ ట్యాంకు. 80 స్పీడులో లీటరుకు 14 కిలోమీటర్లు, 100లో 10.5. ఆర్నెల్ల కిందట 100లో 12 వచ్చేది.

స్పీడు 80 నుంచి 100కి పెరిగితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లు దాటుతుంది, అది తెలుసు. కానీ ఈ కొత్త తగ్గుదల దానితో తేలదు.

చేసినవి: రూఫ్ క్యారియర్ తీసేశాను (100లో అర కిలోమీటరు పెరిగింది, పై 10.5 దాని తర్వాతిదే), చల్లగా ఉన్నప్పుడు టైర్లలో 35 గాలి, ఎయిర్ ఫిల్టర్, డీజిల్ ఫిల్టర్ కొత్తవి, అలైన్‌మెంట్. గేరు టూ హైలోనే (రెండు చక్రాలకే పవర్ వెళ్లే మోడ్) ఉంది. ప్రయాణం అయ్యాక నాలుగు చక్రాలూ ఒకే వేడి, బ్రేకులు పట్టేయట్లేదు. టైర్లు కంపెనీ సైజే, ఓడోమీటరు జీపీఎస్‌తో సరిపోయింది.

ఒక్కటే అనుమానం. ఓబీడీలో (ఇంజిన్ రీడింగులు చూపేది) కూలెంట్ వేడి, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం వేడి, 80 స్పీడులో 84 డిగ్రీలు, 100లో 74కి పడిపోతోంది. ట్రాఫిక్‌లో ఆగితే మళ్లీ 88.

థర్మోస్టాట్ (వేడినిబట్టి కూలెంట్‌ను రేడియేటర్‌కి వదిలే వాల్వు) తెరుచుకునే ఉండిపోయిందని దీన్నిబట్టి తేల్చేసి మార్చెయ్యొచ్చా, లేక ముందు ఇంకేదైనా చూడాలా?