జనం లేని ఫోటో ఎవరికైనా దొరికిందా?

లెన్స్‌మూత:
ముందే చెప్పేస్తా, నేను ఫోటోగ్రాఫర్ని కాను. మూడేళ్ల క్రితం సరదా పడి ఒక కెమెరా కొనుక్కుని అప్పట్నుంచి ఇంట్లోవాళ్లని విసిగిస్తున్న బాపతు. ఈమధ్య సెలవులకి వెళ్లి ఒక పాత కోట చూసొచ్చాం. నాలుగు రోజుల్లో 1,400 ఫోటోలు తీశా. తిరిగొచ్చి తీరిగ్గా చూసుకుంటే కోట సరిగ్గా కనిపించేవి పన్నెండు, మిగతావన్నీ మనుషుల వీపులు. అందులో ఎర్ర టోపీ పెట్టుకున్నాయన ఒకడు, ద్వారం దగ్గరా ఆయనే, మెట్ల మీదా ఆయనే, బురుజెక్కి చూస్తే అక్కడా ఆయనే. మా ఆవిడవి తొమ్మిది ఫోటోలుంటే ఆయనవి ముప్పై ఒకటి. ఈపాటికి ఆయన కూడా వాళ్లింట్లో కూర్చుని "ఎవడ్రా ఈ నల్ల బ్యాగువాడు, ఏ ఫోటో చూసినా వీడే" అని నన్ను తిట్టుకుంటూ ఉంటాడు.

తెల్లారకముందే వెళ్లమని మాత్రం సలహా ఇవ్వకండి, అదీ అయింది. అయిదింటికి లేచి వెళ్తే, ఈ టైముకి ఎవరూ ఉండరనుకున్నవాళ్లు నలభైమంది ట్రైపాడ్‌లు వేసుకుని వరసగా నిలబడి ఉన్నారు.

సరే జనం లేని చోటే తీద్దామని పక్క సందులోకెళ్లా. వాన నీళ్ల గుంటలో గోడ ప్రతిబింబం బాగుందని మోకాళ్ల మీద కూర్చుని కెమెరా నేలకి ఆనించా. అటుగా పోతున్న ఒక పెద్దావిడ ఆగి "ఏం పడిపోయింది నాయనా?" అంది. నేను జవాబు చెప్పేలోపే వంగి వెతకడం మొదలుపెట్టింది. మర్యాదకి నేనూ కాసేపు వెతికాను.

ఇంతకీ నా ప్రశ్న. జనం లేకుండా తీయడానికి నిజంగా పనిచేసే పద్ధతి ఏదైనా ఉందా? ఫోన్లో మనుషుల్ని చెరిపేసే ఆప్షన్ కూడా వాడి చూశా. టోపీ ఆయన పోయాడు, ఆయన నీడ ఉండిపోయింది.

మూడుకాళ్లు:
మీ గొడవకి మందు 1838లోనే ఉందండీ. ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన డాగేర్ పారిస్‌లో ఒక రద్దీ వీధిని పై అంతస్తు కిటికీలోంచి తీశాడు, బులెవార్ దు తాంప్ల్ అని వెతికితే కనిపిస్తుంది. అప్పటి ఫోటో ప్లేటుకి నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్ (అంటే వెలుతురు పడనివ్వడం) కావాలి కాబట్టి కదులుతున్న బళ్లూ జనమూ అసలు పడనే లేదు, పట్టపగలు వీధంతా ఖాళీ. ఒకే ఒక్కాయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడి దొరికిపోయాడు. మనుషులు కనిపించే మొదటి ఫోటోగా చెప్పుకునేది దాన్నే.

మీరూ అదే చేయండి. లెన్స్ ముందు 10 స్టాప్‌ల ఎన్‌డీ ఫిల్టర్ (వెలుతురుని ఆపే నల్ల అద్దం, ఒక్కో స్టాప్‌కి వెలుతురు సగమవుతుంది) పెడితే వెలుతురు దాదాపు వెయ్యో వంతుకి తగ్గుతుంది, అంటే 1/30 సెకను సరిపోయే చోట 30 సెకన్లు పెట్టొచ్చు. ఫోకస్ ఫిల్టర్ బిగించకముందే చేసుకుని మాన్యువల్‌కి మార్చేయండి, తర్వాత ఏమీ కనిపించదు. ట్రైపాడ్ తప్పనిసరి, 2 సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేయండి.

ఫిల్టర్ మీద డబ్బులెందుకనుకుంటే ట్రైపాడ్ కదపకుండా పది పదిహేను సెకన్లకి ఒకటి చొప్పున ఇరవై ఫోటోలు తీసి ఫోటోషాప్‌లో మీడియన్ స్టాక్ చేయండి, అంటే అన్నిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చి ఒకే ఫోటోగా కలపడం. సగానికి మించి ఫోటోల్లో ఏది కనిపిస్తే అదే మిగులుతుంది. కోట కదలదు కాబట్టి ఉంటుంది, జనం పోతారు. ఎవరైనా అక్కడే సెటిలైపోతే మాత్రం నా పూచీ లేదు.

బ్యాక్‌బటన్:
మీకు జనం ఎక్కువయ్యారని బాధ, నాకు నేను లేనని బాధ. ఆరేళ్ల ట్రిప్పుల ఫోటోలు చూస్తే మా కుటుంబంలో నేనొకణ్ణి ఉన్నానని సాక్ష్యమే లేదు. పోనీ ఎవరికైనా కెమెరా ఇచ్చి తీయమందామంటే, నాది ఫోకస్ వెనక బటన్‌కి పెట్టుకున్న కెమెరా, ఆ బటన్ నొక్కకుండా ఉత్త షటర్ నొక్కితే ఫోకస్ అవదు. పాపం వాళ్లు షటర్ నొక్కుతారు, అది క్లిక్కుమంటుంది, "సూపర్ వచ్చింది సార్" అని ఇచ్చేసి వెళ్తారు. ఇంటికొచ్చి చూస్తే మేమందరం మసక, మా వెనకున్న చెత్తబుట్ట మీద అక్షరాలు సహా క్లియర్.

మెళ్లో పెద్ద కెమెరా కనిపిస్తే చాలు, చుట్టుపక్కల వాళ్లందరూ తమ ఫోన్లు తెచ్చి మన చేతిలో పెట్టడం ఇంకో ముచ్చట. ఎంతమంది ఇళ్లల్లో నేను తీసిన ఫోటోలున్నాయో!

గుంపులో_గోవిందా:
నేనైతే జనాన్ని ఉంచేయమంటాను. లూవ్ర్‌లో మోనాలిసా 77 × 53 సెంటీమీటర్ల బొమ్మ, ముందున్నవాళ్లు పైకెత్తిన ఫోన్ల తెరల్లో తప్ప సరిగ్గా కనిపించలేదు నాకు. దానికి ఎదురు గోడ మీద వెరోనీస్ వేసిన కానా పెళ్లి (బైబిల్ కథలోది) చిత్రం ఉంది, దాదాపు పది మీటర్ల వెడల్పు, ఆ మ్యూజియంలో అంతకన్నా పెద్ద పెయింటింగ్ లేదు. ఆ గదిలో అందరి వీపులూ దానివైపే. నేను మోనాలిసాని వదిలేసి ఆ వీపుల్నే తీశా, ఆ ట్రిప్‌లో నాకు నచ్చిన ఫోటో అదొక్కటే. మీ ఎర్ర టోపీ ముప్పై ఒకటీ డిలీట్ చేయకండి, వరసగా పెట్టి ఇక్కడ పోస్ట్ చేయండి, చూడాలనుంది.

లెన్స్‌మూత:
అప్‌డేట్. ఫిల్టర్ కొన్నా. మళ్లీ అదే కోటకి, ఆదివారం, మంచి రద్దీలో. 30 సెకన్లు పెట్టి తీస్తే, నమ్మరు, జనం మొత్తం మాయం! మెట్ల మీద అక్కడక్కడా పొగలాంటి మరకలు తప్ప ఏమీ లేవు. కాకపోతే మూడో మెట్టు మీద, ఒళ్లో నా బ్యాగు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని మా ఆవిడ కూర్చుని ఉంది. పక్కకి జరగమని అంతకుముందే రెండుసార్లు చెప్పా. ఆ ముప్పై సెకన్లూ నావైపే చూస్తూ ఇసుమంతైనా కదలకుండా కూర్చున్నట్టుంది, చెవి దుద్దుల్లో రాళ్లు లెక్కపెట్టొచ్చు. మూడుకాళ్లు గారూ, మీ బూట్లాయన నాకూ దొరికాడు.

మూడుకాళ్లు:
ఆవిడకి చూపించారా?

లెన్స్‌మూత:
చూపించా. బ్యాగు బాగా వచ్చిందంది.